మనకి ఏది నచ్చాలో ఇంట్లో సెట్టు చెబుతుంది

పోయిన కార్తీక మాసంలో ఒక ఆదివారం పొద్దున్న, కొత్తగా తెచ్చుకున్న స్పీకర్లలో ఘంటసాల గారి భగవద్గీత పెట్టాను. "పార్థాయ ప్రతిబోధితాం" అని మొదటి పాదం ఇంకా పూర్తి కాలేదు, వంటింట్లోంచి అమ్మ చేతిలో గరిటెతోనే వచ్చేసింది.

"ఎవరు పోయారని పెట్టావురా పొద్దున్నే? ముందది ఆపు."

ఆపేశాను. కానీ ఆ కాసేపట్లోనే నాకు ఒకటి వినపడింది. ఆ గొంతుకి అడుగున అంత బరువు ఉందని నాకు నలభై ఆరేళ్లు వచ్చేదాకా తెలీదు. చిన్నప్పటి నుంచి ఎన్ని వందల సార్లు విన్నానో ఆ గీతని. రాజోలు దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊళ్లో ఎవరు పోయినా, ఆ ఇంటి ముందు వెదురు గెడకి కట్టిన రెండు మైకు బాకాల్లోంచి వచ్చేది అదే. ఇప్పుడు హైదరాబాద్‌లో వైకుంఠ రథం మీద బిగించిన బాకాలోంచి వస్తోంది. అంటే ఇన్నేళ్లూ నేను విన్నది ఆ బాకా దాటించిన ముక్కని మాత్రమే.

మైకు బాకా పని మాటని దూరం చేర్చడం. మాట అర్థమయ్యే మధ్య భాగాన్ని అది గట్టిగా పలుకుతుంది. శబ్దం సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో చెప్పే లెక్క హెర్ట్జ్, అంకె తగ్గేకొద్దీ శబ్దం అడుగుకి దిగుతుంది. సుమారు 300 హెర్ట్జ్ కన్నా కిందివి అందులోంచి దాదాపు రావు. పాత ల్యాండ్‌లైన్ ఫోను కూడా 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసేది, అందుకే ఫోన్లో అందరి గొంతూ జలుబు చేసినట్టు ఉండేది. మగవాళ్ల గొంతుకి మూలం 100, 150 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ మూలమే రాకపోయినా అది మగ గొంతని మనకి తెలుస్తుంది. పై పొరలు విని, అడుగున ఉండాల్సిన దాన్ని మెదడు తనే పూరించుకుంటుంది. ఎవరు పాడుతున్నారో పోల్చుకోవడానికి అది చాలు. ఎదురుగా కూర్చుని పాడుతున్న మనిషి ఛాతీలోంచి వచ్చే ఆ నిండుతనం మాత్రం అలా పూరించుకుంటే రాదు. పక్కన కూర్చుని ధైర్యం చెబుతున్నట్టు ఉండాల్సిన గొంతు, ఊరందరికీ చావు కబురు మోసుకెళ్లే గొంతుగా మారిపోయింది.

అమ్మకి ఆ గీత అంటే పడదు. ఘంటసాల అంటే ప్రాణం, గీత పుస్తకం రోజూ చదువుతుంది. మరి ఆవిడకి పడనిది ఏది? దీని గురించి నెలల తరబడి ఆలోచిస్తూ ఉన్నాను. ఆ ఆలోచనల్లోంచి వచ్చిందే ఈ వ్యాసం.

మనం "నా టేస్టు" అని గట్టిగా చెప్పుకునే దాంట్లో చాలా భాగం, మనం వినడానికి వాడిన పెట్టె పెట్టిన భిక్ష అని నాకు అనిపిస్తోంది. ఆ పెట్టె దేన్ని బాగా పలికితే దాన్ని మనం ప్రేమించాం. అది పలకలేని దాన్ని బోరు అనో, గోల అనో, పాతచింతకాయ పచ్చడి అనో పక్కన పెట్టేశాం. ఖరీదైన సెట్టు కొంటే అభిరుచి పెరుగుతుందని మాత్రం అనను. నా విషయంలో పెద్ద సెట్టే నా రుచిని కొన్నేళ్ల పాటు పాడు చేసింది.

మా ఇంట్లో అందరికన్నా ముందు గురువు రేడియో. నాన్న రాజమండ్రిలో స్కూల్ టీచరు. పొద్దున్నే విజయవాడ కేంద్రం పెట్టేవాడు, రాత్రి అన్నాలయ్యాక మళ్లీ పెట్టేవాడు. మీడియం వేవ్‌లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్, అంటే తొమ్మిది వేల హెర్ట్జ్. అంటే శబ్దం దాదాపు నాలుగున్నర కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది. తాళాల మెరుపూ, తంబురా మీద తేలే సన్నటి ఝుంకారమూ అక్కడే రాలిపోతాయి. అరచేయంత స్పీకరు కాబట్టి అడుగు నుంచి మృదంగం ఎడమ వైపు గుముకి కూడా పోతుంది. అన్నీ పోగా మిగిలేవి గొంతు, వేణువు, వయొలిన్, హార్మోనియం. వాటిలోనూ అన్నిటికన్నా స్పష్టంగా వచ్చేది మాట.

నాన్న తరం వాళ్లు పాటని సాహిత్యంతో కొలుస్తారు. "రాసిందెవరు?" అని అడుగుతారు ముందు. అప్పట్లో గొప్ప కవులు సినిమాకి రాశారు, అది నిజం. కానీ ఆ కవుల ప్రతి అక్షరాన్నీ ఇంటింటికీ చేర్చి, వెనకున్న వాయిద్యాల్ని సగానికి కోసేసిన రేడియోకి కూడా ఆ రుచిలో వాటా ఉంది. మాట మీద తప్ప ఇంకో దాని మీద చెవి పెట్టే అవకాశాన్ని ఆ పెట్టె వాళ్లకి ఇవ్వలేదు.

సినిమా విషయంలో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. రేడియోలో సంక్షిప్త శబ్దచిత్రం అని వచ్చేది. సినిమాని కుదించి, బొమ్మ లేకుండా మాటలూ పాటలూ వినిపించేవాళ్లు. నాన్న చాలా సినిమాలు "చూసింది" అలాగే. 1977లో ఎన్టీఆర్ తీసిన దానవీరశూరకర్ణ డైలాగులు రికార్డులుగా, తర్వాత క్యాసెట్లుగా ఊళ్ల మీద తిరిగాయి. పెళ్లి పందిట్లో పాటలకి బదులు ఆ డైలాగులే మోగేవి. థియేటర్ గుమ్మం తొక్కని వాళ్లకి కూడా అవి కంఠతా వచ్చు. తెర లేకుండా సినిమా నిలబడాలంటే దాన్ని మోయాల్సింది మాటే. అలా పెరిగిన వాళ్లకి మాటలు తక్కువున్న సినిమా నచ్చాలంటే ఎలా నచ్చుతుంది? "అందులో ఏముందిరా, ఒక్క డైలాగు లేదు" అని నాన్న ఎన్నో మంచి సినిమాల్ని కొట్టిపారేశాడు. అప్పుడు ఆయన మీద నాకు కోపం వచ్చేది.

1989లో మావయ్య కువైట్ నుంచి వస్తూ టూ ఇన్ వన్ తెచ్చాడు. రెండు క్యాసెట్లు పట్టేది, రెండు వైపులా స్పీకర్లు, మధ్యలో అడుగు, మధ్య, పై శబ్దాల్ని విడివిడిగా పెంచి తగ్గించే ఐదు మీటల ఈక్వలైజరు. వాటి కింద 100, 330, 1కె, 3.3కె, 10కె అని తెల్లటి అక్షరాలు. అవి దేనికో ఎవరికీ తెలీదు. కానీ ఎలా పెట్టాలో మా వయసు కుర్రాళ్లందరికీ తెలుసు. ఈ చివర ఒకటి పైకి, ఆ చివర ఒకటి పైకి, మధ్యలోవి కిందికి. దూరం నుంచి చూస్తే ఉయ్యాల తాడులా వంగి ఉండాలి. అలా పెడితే డ్రమ్ము దబ్‌మంటుంది, తాళం చింగ్‌మంటుంది. మావయ్య కూడా కొన్న షాపులో అలాగే పెట్టి ఉందని చెప్పాడు.

నాన్న స్కూల్ నుంచి వచ్చి, చెప్పులు విప్పి, చొక్కా అయినా మార్చుకోకుండా ముందు ఆ పెట్టె దగ్గరికి వెళ్లేవాడు. సుద్దముక్క అంటిన చూపుడు వేలితో మధ్య మీటని పైకి తోసేవాడు. ఆయన అటు తిరగగానే నేను మళ్లీ కిందికి లాగేవాణ్ని. కొన్నాళ్లకి ఆ 1కె మీట మీద నల్లరంగు పోయి తెల్లటి ప్లాస్టిక్ బయటపడింది. మిగతా నాలుగూ కొత్తవాటిలా మెరుస్తూనే ఉన్నాయి.

ఆ రోజుల్లో మా ఇంట్లో పాటల మీద రోజూ గొడవే. "ఈ పాటల్లో మాట వినపడదు, అంతా డబడబ" అని ఆయన. "మీ పాటల్లో ఊపు లేదు" అని నేను. తరాల తేడా అనుకున్నాం ఇద్దరం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నాకు కనపడేది ఆ రంగు పోయిన మీటే. మాటలోని అక్షరాలు స్పష్టంగా వినపడటానికి కావాల్సిందంతా ఆ మధ్య మీటల చుట్టూ ఉంటుంది. నేను దాన్ని దించేసి మాట వినపడకుండా చేస్తే, ఆయన ఆ పాటలో మాట లేదనుకున్నాడు. ఆయన దాన్ని పైకి తోసి ఊపు తీసేస్తే, నేను ఆయన పాటలో ఊపు లేదనుకున్నాను.

క్యాసెట్లది ఇంకో కథ. మెయిన్ రోడ్డులో ఒక రికార్డింగ్ షాపుకి పాటల చీటీ రాసుకెళ్లి ఇస్తే, 60 నిమిషాల ఖాళీ క్యాసెట్లో పన్నెండో పదమూడో పాటలు ఎక్కించి ఇచ్చేవాళ్లు. దాన్నుంచి నా స్నేహితుడు ఒకటి ఎక్కించుకునేవాడు, వాడి దగ్గర్నుంచి ఇంకొకడు. కాపీకి కాపీ తీసినకొద్దీ పైనున్న సన్నటి శబ్దాలు చెరిగిపోయి, టేపు బుసబుస పెరుగుతూ వచ్చేది. అలాంటి క్యాసెట్లో నిలబడేవి బలమైన బాణీ, గట్టి దరువు. మెల్లగా వాయించిన వీణో, గాలిలా వచ్చే కోరస్సో ఆ బుసలో కలిసిపోయేవి. "ఆ పాట స్లో, తీసెయ్యరా" అని మేం చీటీలోంచి కొట్టేసిన పాటల్లో సగం, బహుశా మాకు వినపడని పాటలే.

హాస్టల్లో ఉండగా ఒక సీనియర్ వాక్‌మన్‌లో ఇళయరాజా పాట ఒకటి విన్నాను. ఆ పాట నాకు అక్షరం అక్షరం వచ్చు. కానీ ఇయర్‌ఫోన్లలో ఆ గొంతు కింద ఇంకో పాట నడుస్తోంది. బేస్ గిటారు తన దారిన తను ఒక బాణీ పాడుకుంటూ వెళ్లి, పల్లవి దగ్గర గొంతుని కలుస్తోంది. ఇంట్లో టూ ఇన్ వన్‌లో అది "దుమ్ దుమ్" అని ఒకే ముద్దగా వచ్చేది. బేస్ ఎక్కువ ఉండటం వేరు, బేస్‌లో స్వరాలు విడివిడిగా వినపడటం వేరు. ఆ రాత్రి టేపు తిప్పి తిప్పి వాడి బ్యాటరీలు అయిపోయేదాకా విన్నాను.

రెహమాన్ పాటలు "వినగా వినగా ఎక్కుతాయి" అని మనవాళ్లందరూ అనేమాట ఒకటుంది కదా. దానికి అన్నిటికన్నా మామూలు కారణం ఒకటి ఉండొచ్చని నా అనుమానం. మొదటిసారి టీవీలోనో, బస్సులోనో వింటాం. తర్వాత ఎప్పుడో ఇయర్‌ఫోన్లలో వింటాం. అప్పటిదాకా దాక్కున్న పొరలు బయటికొస్తాయి. మనం అదంతా పాట గొప్పతనం ఖాతాలోనే వేస్తాం.

ఇప్పుడు నా పెద్ద సెట్టు సంగతి. 2008లో, హైదరాబాద్‌లో ఉద్యోగం కుదురుకున్నాక, కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లి ఒక 5.1 హోమ్ థియేటర్ తెచ్చాను. గుప్పెట్లో పట్టే ఐదు పెట్టెలు, అడుగు శబ్దాల కోసం పీట అంత వూఫరు. షాపతను యుద్ధం సీను పెట్టి చూపించాడు. షట్టరు అదిరింది. వెంటనే డబ్బులు కట్టేశాను.

ఆ గుప్పెడు పెట్టెలు సుమారు 150, 200 హెర్ట్జ్ కింద పలకలేవు. వూఫరు దాదాపు 120 దాకా వచ్చి ఆగిపోతుంది. రెండింటికీ మధ్య ఒక గుంట. మగ గొంతుకి బరువు ఉండేది సరిగ్గా ఆ గుంటలోనే. అందుకే నా సెట్టులో బాంబులు గొప్పగా పేలేవి, మనుషులు మాత్రం రేకు డబ్బాలోంచి మాట్లాడేవాళ్లు. మైకు బాకాకి ఉన్న లోపమే, వేలకి వేలు పోసి ఇంట్లోకి తెచ్చుకున్నాను.

దానికి తోడు గది. కూకట్‌పల్లిలో మా హాలు పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, కింద నున్నటి టైల్స్, నాలుగు వైపులా సున్నం గోడలు. ఖాళీ బిందెలోకి మూతి పెట్టి రకరకాలుగా అరిస్తే, ఏదో ఒక స్వరం దగ్గర బిందె తనంతట తనే మోగుతుంది. గది కూడా అంతే. పన్నెండడుగుల గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ దగ్గర, పదడుగుల గోడల మధ్య సుమారు 56 దగ్గర గాలి ఊగిపోతుంది. వూఫర్ని మూలకి నెట్టి పెడితే ఇంకా ఎక్కువ. నేను మూలకే నెట్టాను, అక్కడైతే అడ్డం ఉండదని. దాంతో ఏ సినిమాలో ఏ బాంబు పేలినా, పిడుగు పడినా, లారీ వెళ్లినా, మా హాల్లో అన్నిటికీ ఒకటే మోత. ఆ మోత నాకు ఎంత అలవాటైందంటే, అది లేని సినిమా ఏదో వెలితిగా అనిపించేది.

ఆ సెట్టు ఉన్న ఆరేడేళ్లు నేను ఎలాంటి సినిమాలు చూశానో తలుచుకుంటే బాధేస్తుంది. పూర్తి సినిమాలు తక్కువ. సీన్లు ఎక్కువ. ఎవరైనా ఇంటికొస్తే ఇరవై నిమిషాల ప్రదర్శన, అందులో ఎవరూ ఎవరితోనూ ప్రేమగా మాట్లాడరు. మా ఆవిడ ఒకసారి ఇద్దరు ముసలి దంపతుల కథ పెట్టమని అడిగింది. "ఇందులో సౌండ్ ఏముంది?" అన్నాను. ఏమీ అనకుండా లోపలికి వెళ్లి, ఫోన్లో పెట్టుకుని చూసింది. నాన్న "ఒక్క డైలాగు లేదు" అని సినిమాల్ని కొట్టేసినట్టే, నేను "సౌండ్ లేదు" అని కొట్టేశాను. ఆయనకి ఆ రుచిని రేడియో ఇచ్చింది, నాకు గుజరాతీ గల్లీ ఇచ్చింది. ఆ తరవాత ఆయన మీద కోపం పోయింది.

2019 వేసవిలో న్యూజెర్సీలో మా తమ్ముడి ఇంటికి వెళ్లాను. అమెరికాలో మనవాళ్లకి ఇప్పుడు ఇంట్లో సినిమా గది ఉండటం మామూలైంది. డాలస్ వైపు ఇళ్లకి బేస్‌మెంట్లు ఉండవు కాబట్టి పైన మీడియా రూమ్ అని కట్టించుకుంటారు. న్యూజెర్సీలో బేస్‌మెంటే థియేటరు. తమ్ముడు అట్మాస్ పెట్టించాడు, తల మీద నుంచి కూడా శబ్దం వినిపించే పద్ధతి. అది థియేటర్లలోకి 2012లో, ఇళ్లలోకి 2014లో వచ్చింది. చుట్టూ ఏడు, పైకప్పులో నాలుగు, వాటికి తోడు ఒక వూఫరు. వర్షం సీను పెడితే నిజంగా తల తడుముకున్నాను. ఎంతో శ్రద్ధగా చేయించుకున్నాడు, ఆ శ్రద్ధని నేను తక్కువ చేయను.

ఒక సాయంత్రం అమ్మ కోసం అరవైల నాటి తెలుగు సినిమా ఒకటి పెట్టాడు. పది నిమిషాలు కాకముందే వాడి కూతురు, పదకొండేళ్లది, చెవులు మూసుకుంది. "నానమ్మా, వీళ్లందరూ ఎందుకు అరుస్తున్నారు?" అంది. అమ్మ నొచ్చుకుంది. తమ్ముడు "పాత సినిమాలు అంతేలే" అని ఆపేయబోయాడు.

ఆ పిల్ల చెప్పింది అబద్ధం కాదు. ఆ గదిలో వాళ్లు నిజంగానే అరుస్తున్నారు. కొంత నాటకాల నుంచి వచ్చిన అలవాటు, మైకు లేకుండా చివరి వరస దాకా వినిపించిన గొంతులవి. కానీ మిగతాది వాళ్ల తప్పు కాదు.

అప్పట్లో సినిమా శబ్దం ఫిలిం అంచున సన్నటి చారగా ముద్రించి ఉండేది. ప్రొజెక్టర్లో దాని మీద దీపం పడితే, ఆ వెలుగు హెచ్చుతగ్గులే శబ్దంగా మారేవి. ఫిలిం గరుకు, గీతలు, దుమ్ము, అన్నీ కలిసి పైన బుసబుస ఉండేది. అది జనానికి వినపడకూడదని థియేటర్లోనే పై శబ్దాలని బాగా తగ్గించి వినిపించేవాళ్లు. హాలీవుడ్‌లో 1938లో దీనికొక కొలత ఖాయం చేశారు. అకాడమీ కర్వ్ అంటారు దాన్ని. దాని ప్రకారం శబ్దం గట్టితనం 5 కిలోహెర్ట్జ్ దగ్గర 10 డెసిబెల్స్ (గట్టితనాన్ని కొలిచే లెక్క), 8 కిలోహెర్ట్జ్ దగ్గర 18 డెసిబెల్స్ తగ్గిపోతుంది. అంత కోత పడుతుందని తెలుసు కాబట్టి రికార్డిస్టులు మాటకి ముందే పదును పెట్టి ఎక్కించేవాళ్లు. మన ఊళ్ల థియేటర్లలో కూడా తెర వెనక పెద్ద హారన్ స్పీకర్లు, వాటికి అడ్డంగా తెర గుడ్డ, అన్నీ ఆ పదునుని మెత్తబరిచే వినిపించేవి. హాల్లో కూర్చున్న మనిషికి చేరేసరికి అది మామూలు గొంతు.

ఇప్పుడు అదే శబ్దాన్ని పై నుంచి కింద దాకా కోత లేకుండా పలికే కొత్త స్పీకర్లలో పెట్టాం. ఒర లేని కత్తిని పిల్ల చేతికి ఇచ్చినట్టు. పైగా తమ్ముడి రిసీవరు, అంటే స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె, మన మంచి కోసమే అన్నట్టు, ఆ ఒక్క గొంతునీ తీసి పదకొండు స్పీకర్లలోంచి ఒకేసారి పలికిస్తోంది. తల మీద నుంచి కూడా.

రిమోట్ తీసుకుని, శబ్దం మొత్తం మధ్య స్పీకర్లోంచి మాత్రమే వచ్చేలా పెట్టాను. ట్రెబుల్, అంటే పై శబ్దాల పదును, బాగా తగ్గించాను. వాల్యూమ్ రెండు మెట్లు దించాను. అంతే. ఇరవై నిమిషాలయ్యాక ఆ పిల్ల వాళ్ల నానమ్మ ఒళ్లో తల పెట్టుకుని, మాయలఫకీరు ఎప్పుడొస్తాడని అడుగుతోంది. ఆ సినిమాలో మాయలఫకీరు లేడు. నానమ్మ చెప్పిన కథ ఏదో దాన్లో కలిపేసుకుంది. అయినా పూర్తయ్యేదాకా కూర్చుంది.

"పాత సినిమాలు అంతేలే" అనే మాటతో మనం ఎన్ని ఇళ్లలో ఎంతమంది పిల్లలకి ఆ సినిమాల్ని దూరం చేసి ఉంటాం? దీని మీద నాకు నిజంగా బాధ ఉంది. 1957లో వచ్చిన మాయాబజార్‌కి రంగులద్ది, శబ్దాన్ని చుట్టూ ఉన్న స్పీకర్లలోంచి వచ్చే డీటీఎస్‌లోకి మార్చి 2010లో మళ్లీ విడుదల చేశారు. కొత్త తరం వస్తుందన్న ఆశతో చేసిన పని, తప్పు పట్టను. కానీ సినిమాని మార్చాల్సిన అవసరం చాలా ఇళ్లలో లేదు. ట్రెబుల్ నాలుగు మెట్లు దించితే చాలు. ఆ సంగతి టీవీ పెట్టె మీద ఎవరూ రాయరు, సెట్టు అమ్మేవాళ్లు చెప్పరు.

కొత్త సినిమాలకి దీనికి సరిగ్గా ఎదురు జబ్బు. ఓటీటీలో సినిమా పెడితే మాటలు వినపడవు, సౌండ్ పెంచితే ఫైటు మీద పడుతుంది. రిమోట్ చేతిలో పట్టుకునే సినిమా చూస్తున్నాం. 5.1లో కలిపిన సినిమాకి మాటలు దాదాపు అన్నీ మధ్య స్పీకర్లో ఉంటాయి. మామూలు టీవీకి మధ్య స్పీకరే ఉండదు. అందుకని దాన్ని 3 డెసిబెల్స్ తగ్గించి ఎడమకీ కుడికీ పంచుతారు, సంగీతమూ చప్పుళ్లూ ఉన్నది కూడా వాటిల్లోనే. బేస్ కోసం విడిగా ఉన్న ఛానెల్‌ని ఇలా కలిపేటప్పుడు సాధారణంగా వదిలేస్తారు. ఇక టీవీ పల్చబడేకొద్దీ స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగాయి. అంటే మాట గోడకి తగిలి మన దగ్గరికి వస్తోంది. ఇదంతా తెలియక "ఈ కొత్త నటులు నోట్లోనే గొణుక్కుంటారు" అని మా పెద్దమ్మ తేల్చేసింది. తెలుగు సినిమాని తెలుగువాళ్లం ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూస్తున్నాం.

సీరియళ్లని అందరూ తిడతారు, చూసే ఆడవాళ్ల రుచిని ఎగతాళి చేస్తారు. ఒక్కసారి వంటింట్లో నిలబడి వినండి. కూర వేగుతుంటే, కుక్కర్ కూతేస్తుంటే కూడా సీరియల్లో ప్రతి మాటా వినపడుతుంది. శబ్దం మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఎత్తులో ఉంటుంది, మాట ముందుంటుంది. పని చేసుకుంటూ, హాల్లో ఉన్న టీవీని వంటింట్లోంచి వినే మనిషికి అది ఒక్కటే అందుతోంది. ఆవిడ దాన్ని ఎంచుకోవడంలో తెలివి ఉంది. నెమ్మదిగా సాగే మంచి సినిమా ఆ వంటింటి దాకా రాదు.

ఈ మాటలన్నీ చెబితే నా స్నేహితుడొకడు కోప్పడ్డాడు. "మనసుంటే రేకు డబ్బాలో కూడా పాట పాటేరా. మా అమ్మ ట్రాన్సిస్టర్లో విని ఏడ్చిన పాటకి నీ హెర్ట్జులు కావాలా?" అన్నాడు. వాడన్నది నిజమే. నాన్న రేడియోలో విన్నట్టు మాటని నేను ఇప్పటికీ వినలేను, అంత చెవి నాకు లేదు. కానీ వాళ్లమ్మ ఏడ్చిన పాటల్ని వాణ్నే ఒకసారి చూసుకోమన్నాను. అన్నీ గొంతు ముందుండి, వెనక ఒక వేణువో వయొలినో ఉన్న పాటలు. ట్రాన్సిస్టర్ పూర్తిగా మోయగలిగిన పాటలు. ఆవిడ ప్రేమ నిజం, కన్నీళ్లు నిజం. ఆవిడ దాకా చేరని పాటల మీద ఆవిడకి ప్రేమ పుట్టే వీలే లేదు. ఇవాళ మా అబ్బాయి ఫోను స్పీకర్లో వింటున్నాడు. అందులో దప్పు కొడితే డబ్బా మీద పుల్లతో కొట్టినట్టు టకటకమని వస్తుంది. బోనాల్లో ఎదురుగా నిలబడి విన్నప్పుడు కడుపులో తగిలే ఆ దెబ్బ ఫోన్లో లేదు. వాడికి తీన్మార్ అంటే ఆ టకటకే.

నా పద్ధతి ఇప్పుడు ఇది. గుప్పెడు పెట్టెలన్నీ ఇచ్చేశాను. ఆరున్నర అంగుళాల వూఫర్ ఉన్న రెండు మామూలు స్పీకర్లు పాతవి 16,000కి తెచ్చుకున్నాను. మూలకి కాకుండా గోడకి కాస్త ఎడంగా, నేను కూర్చునే చెవి ఎత్తుకి పెట్టాను. మందపాటి పరదాలు వేశాను, టైల్స్ మీద జంపఖానా పరిచాను. పరదాలకి బేస్ ఆగదు, కానీ మాట చుట్టూ ఉన్న గలగల తగ్గింది. రాత్రి పూట తక్కువ వాల్యూమ్‌లో వింటే బేస్ తగ్గినట్టు ఉంటుంది. అది సెట్టు లోపం కాదు, మన చెవే అంత. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే కొలిచి చెప్పారు. అప్పుడు బేస్ కొంచెం పెంచుకుంటాను, పొద్దున్న మళ్లీ దించుతాను. అన్నిటికన్నా ముఖ్యం, ఏదైనా నచ్చకపోతే "బాలేదు" అనే ముందు ఇంకో రకంగా ఒకసారి వింటాను, ఇయర్‌ఫోన్లలోనో, ట్రెబుల్ తగ్గించో, కారులోనో. చాలాసార్లు అప్పుడూ నచ్చదు. కొన్నిసార్లు నచ్చుతుంది. ఆ కొన్నిసార్ల కోసం ఎంత శ్రమైనా పడొచ్చు. నాన్న ఉండగా ఈ పని చేసి ఉంటే, ఆయన పాటలు కొన్ని ఆయనతో కలిసి విని ఉండేవాణ్ని.

మొన్న సంక్రాంతికి అమ్మని మళ్లీ అడిగాను. "ఒక్కసారి వినమ్మా. బాకాలో వచ్చినట్టు ఉండదు. శ్లోకం పాడటం ఆపి అర్థం చెప్పడం మొదలుపెడతాడు చూడు, అక్కడ ఆయన పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది."

అమ్మ పప్పు ఏరుతోంది. తల ఎత్తకుండానే అంది, "ఎంత బాగా వినపడితే మాత్రం ఏం లాభంరా? అది మొదలవ్వగానే నాకు మీ తాతయ్యని అరుగు మీద పడుకోబెట్టిన రోజే కనిపిస్తుంది. నేను విన్నది నేను విన్నాను. నువ్వు వినుకో."

అమ్మ పడుకున్నాక హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్నాను. రోజుకి రెండు మూడు శ్లోకాలు. ఇవాళ్టికి రెండో అధ్యాయం దగ్గర ఉన్నాను.